జోన్స్ కంటే పాతిక ఎక్కువ

పద్నాలుగు వరుసల చిన్న టేబుల్ అది. పేరు ఎంప్. స్మిత్‌తో మొదలై మిల్లర్‌తో ముగుస్తుంది. అలాంటి కంపెనీ ఎక్కడా లేదు, ఆ జీతాలు ఎవరికీ ముట్టలేదు. అయినా అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో నాలుగు రోజులు ఒరాకిల్ క్లాసుకి వెళ్ళినవాళ్ళని అర్ధరాత్రి లేపి అడగండి, గడగడా చెప్పేస్తారు. కింగ్ ప్రెసిడెంటు, జీతం 5000. ఆయన కింద జోన్స్, బ్లేక్, క్లార్క్. స్మిత్ గుమాస్తా, జీతం 800, అందరికంటే అడుగున. సొంత పెదనాన్న పిల్లలు ఏం చదివారో గుర్తుండదు గానీ జోన్స్ జీతం 2975 అన్నది మాత్రం చచ్చినా మర్చిపోరు.

ఆ టేబుల్ చూడాలంటే లాగిన్ పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. బ్రూస్ స్కాట్ ఒరాకిల్ తొలినాళ్ళ ఉద్యోగుల్లో ఒకాయన. టైగర్ వాళ్ళింటి పిల్లి. మనవాళ్ళలో ఎంతమంది ఉద్యోగపర్వం ఆ పిల్లి పేరు కీబోర్డు మీద కొట్టడంతో మొదలైందో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు. వాళ్ళలో కొందరు ఇప్పుడు డల్లాస్‌లో ఇళ్ళు కొనుక్కుని, పిల్లల్ని స్విమ్మింగుకి దింపి వస్తూ, ఆ పిల్లి సంగతే మర్చిపోయి ఉంటారు.

ఈ టేబుల్ మీద ఇంటర్వ్యూ ప్రశ్నలు బోలెడు. వెర్షన్లు మారాయి, కంపెనీలు మారాయి, ఒక ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు. తన మేనేజరు కంటే ఎక్కువ జీతం తీసుకుంటున్నవాళ్ళెవరు? బల్లకి ఇవతల కూర్చుని నేను దానికి జవాబు చెప్పాను, అవతలికి మారాక నేనే అడుగుతున్నాను.

ఫోర్డ్ వరుస తీసుకోండి. నంబరు 7902, అనలిస్టు, జీతం 3000. పక్కన ఎంజీఆర్ అని ఒక కాలమ్ ఉంటుంది. మద్రాసు రాజకీయాలతో దానికి సంబంధం లేదు, మేనేజరుకి పొట్టిపేరు. అందులో 7566 అని ఉంది. ఎవరీ 7566? చెప్పడానికి మేనేజర్లకంటూ వేరే టేబుల్ ఏమీ లేదు. మేనేజరూ ఉద్యోగే కాబట్టి ఆయనా ఇదే టేబుల్‌లో ఇంకో వరుసలో ఉన్నాడు. వేలు పెట్టి వెతికితే దొరుకుతాడు. 7566 అంటే జోన్స్, జీతం 2975. అంటే ఫోర్డ్‌కి బాసు కంటే పాతిక ఎక్కువ. స్కాట్‌కీ అంతే. అతనూ జోన్స్ కిందే, అతనికీ 3000. మొత్తం కంపెనీలో ఈ ఘనత ఈ ఇద్దరిదే. దీని మీద జోన్స్ ఇంటికెళ్ళి ఏమనేవాడో అని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

వేలు పెట్టి వెతికే మనకి ఇది తేలిక. డేటాబేసుకి అంత తేలిక కాదు. వేర్ అని మనం రాసే షరతు ఒక్కో వరుసనీ విడిగా ముందు నిలబెట్టుకుని పరీక్షిస్తుంది. ఫోర్డ్ ఎదురుగా ఉన్నప్పుడు జోన్స్ అక్కడ ఉండడు. జీతం జీతం కంటే ఎక్కువా అని అడిగితే ఫోర్డ్ జీతాన్ని ఫోర్డ్ జీతంతోనే పోల్చి, ఒక్కరూ లేరంటుంది. అందుకని అదే టేబుల్‌ని రెండుసార్లు పిలుస్తాం, ఒకసారి ఈ అనీ, ఇంకోసారి ఎమ్ అనీ. ఈలో ఉన్న మేనేజరు నంబరు ఎమ్‌లో ఉన్న ఉద్యోగి నంబరుతో సరిపోయిన చోట రెండు వరుసలూ పక్కపక్కన నిలబడతాయి. ఇక జీతాలు పోల్చడం ఎంతసేపు. ఇదే సెల్ఫ్ జాయిన్. మా సారు దీనికి ఎన్టీఆర్ ‘రాముడు భీముడు’ని సాయం తెచ్చుకునేవారు. మనిషి ఒక్కడే, తెర మీద ఇద్దరు, ఎవరు ఎవరో వేషం చూసి పోల్చుకోవాలి. ఈ, ఎమ్ అనే ఏలియాస్‌లే ఆ వేషాలు. డిస్కు మీద రెండో కాపీ ఏదీ పుట్టదు.

ఆ రోజుల్లో నాకు అంతవరకే అర్థమైంది. ఉద్యోగంలో చేరి, జీతాలూ బాసులూ స్వయంగా చూశాక మిగతాది అర్థమైంది. ఈలో ఉన్న జోన్స్ కింగ్ కింద పనిచేసే మనిషి. ఎమ్‌లో ఉన్న అదే జోన్స్ ఇద్దరికి బాసు. వరుసలో ఒక్క అక్షరం మారలేదు. అతను బాసు అన్న సంగతి ఆ వరుసలో ఎక్కడా రాసి లేదు కూడా. జాబ్ అనే కాలమ్‌లో మేనేజర్ అని ఉన్నమాట నిజమే, కానీ అది కుర్చీ మీద వేసిన పేరు. ఫోర్డ్ కుర్చీ మీద అనలిస్టు అని ఉంది, స్మిత్ మాత్రం ఫోర్డ్ కిందే పనిచేస్తాడు. స్కాట్ కూడా అనలిస్టే, అతని కింద ఆడమ్స్ ఉన్నాడు. ఎవరు ఎవరికి బాసు అన్నది మనిషిలో లేదు, ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూసే మన చూపులో ఉంది. ఆ చూపుకి రెండో పేరు కావాలి.

మేనేజరు కంటే ఎక్కువ జీతం ఎవరికి అన్న ఈ ప్రశ్న అమీర్‌పేట క్లాసుల కంటే, ఒరాకిల్ కంటే కూడా పాతది. 1970 జూన్‌లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ రిలేషనల్ మోడల్ పేపరు అచ్చువేశాడు. అప్పటికి పెద్ద సంస్థల్లో డేటా అంతా పాయింటర్లతో అల్లిన వల. ఒక రికార్డు పట్టుకుని, దాని నుంచి ఇంకోదానికి, అక్కణ్ణుంచి మరోదానికి ప్రోగ్రామే దారి వెతుక్కుంటూ పోవాలి. ఆ పద్ధతికి పెద్దదిక్కు చార్లెస్ బాక్‌మన్. 1973లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నప్పుడు ఆయన ఇచ్చిన ఉపన్యాసానికి పెట్టుకున్న పేరే ప్రోగ్రామర్ ఒక నావికుడు అన్న అర్థం వచ్చేది. కాడ్ మాట వేరు. దారి సంగతి నీకెందుకు, నీకు ఏం కావాలో చెప్పు చాలు అన్నాడు.

ఆ రోజుల్లో డొనాల్డ్ చాంబర్లిన్ అనే కుర్రాడు ఐబీఎంలోనే బాక్‌మన్ దారికి చెందిన కోడాసిల్ పద్ధతిని శ్రద్ధగా చదువుకుంటున్నాడు. కాడ్ మాట్లాడగా విన్నాడు. కోడాసిల్‌లో ఐదు పేజీలు పట్టే ప్రోగ్రాముల్ని కాడ్ ఒక్కో లైనులో తేల్చేస్తుంటే తన మనసు అటు తిరిగిందని తర్వాత ఎన్నో ఏళ్ళకి చెప్పాడు. అలా చెప్తూ చాంబర్లిన్ ఉదాహరణగా ఇచ్చిన ప్రశ్న ఏమిటో తెలుసా? మేనేజరు కంటే ఎక్కువ సంపాదించే ఉద్యోగులెవరు అన్నదే. 1974లో చాంబర్లిన్, రేమండ్ బాయిస్ కలిసి సీక్వెల్ అనే భాషని మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన సభలో ప్రకటించారు. అదే సభలో కాడ్‌కీ బాక్‌మన్‌కీ మధ్య వాదన నడిచింది. బాయిస్ ఆ ఏడాదే చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయాడు. సీక్వెల్ అన్న పేరు మీద ఒక విమానాల కంపెనీకి హక్కు ఉండటంతో అది ఎస్‌క్యూఎల్‌గా కుదించుకుపోయింది. ఆ సభలో ఇచ్చిన సీక్వెల్ పేపరులోనూ ఎంప్ అనే టేబుల్ ఉంది, దానిలో జీతం ఉంది, మేనేజరు ఉన్నాడు.

కోడాసిల్‌కి ఈ ప్రశ్న ఎందుకంత బరువైందో చెప్పాలి. అక్కడ సంబంధాన్ని సెట్ అనేవాళ్ళు. సెట్‌కి ఒక యజమాని రికార్డు, కింద సభ్యుల రికార్డులు. మొదటి నిబంధనల ప్రకారం ఒకే రకం రికార్డు ఒకే సెట్‌లో యజమానీ సభ్యుడూ రెండూ కాకూడదు. ఉద్యోగికి ఉద్యోగే బాసు అని నేరుగా చెప్పే వీలు లేదు. మధ్యలో ఒక ఉత్తుత్తి రికార్డుని నిలబెట్టి, దాని భుజం మీదుగా చెప్పాలి. కింది మనిషి, పైమనిషి ఒకే జాతివాళ్ళని ఒప్పుకోవడానికి ఆ వ్యవస్థకి మనసు రాలేదన్నమాట. కాడ్ టేబుల్‌కి ఆ పట్టింపు లేదు.

అలాగని సెల్ఫ్ జాయిన్ అమాయకమైనదేమీ కాదు. ఉద్యోగి పేరు పక్కన మేనేజరు పేరు వేయమని మొదటిసారి రాసినవాళ్ళకి పద్నాలుగు వరుసల బదులు పదమూడే వస్తాయి. తప్పిపోయింది ఎవరయ్యా అంటే సాక్షాత్తూ ప్రెసిడెంటు. కింగ్‌కి పైన ఎవరూ లేరు కాబట్టి ఆయన ఎంజీఆర్ కాలమ్ ఖాళీ, నల్. నల్ దేనితోనూ సరిపోదు, జత దొరకని వరుస ఫలితంలోకి రాదు. లెఫ్ట్ జాయిన్ అని రాస్తే తప్ప ఆయన కనిపించడు. అందరికీ పైన ఉన్న మనిషి జాబితాలోంచి జారిపోవడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

దీని కంటే తిరకాసు ప్రశ్న ఇంకోటి ఉంది. ఎవరికీ మేనేజరు కానివాళ్ళెవరు? మేనేజరు నంబర్లన్నీ ఒక జాబితాగా తీసి, అందులో లేని ఉద్యోగుల్ని చూపించమంటాం, నాట్ ఇన్ అని. మేనేజర్లు ఆరుగురు కాబట్టి ఎనిమిది మంది రావాలి. ఒక్కరూ రారు. ఆ నంబర్ల జాబితాలోకి కింగ్ ఖాళీ కూడా చేరింది. ఫలానా నంబరు ఆ ఖాళీకి సమానం కాదని డేటాబేసు ప్రమాణం చేసి చెప్పలేదు, చెప్పలేనప్పుడు అవుననదు. ఒకే ఒక్క నల్ ఎనిమిది మందిని మింగేస్తుంది. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలు దీన్ని బట్టీపట్టి చెప్తారు. నల్‌ని నాట్ నల్‌తో వడకట్టాలి సార్ అంటారు. ఎందుకు అంటే మాత్రం సీలింగు ఫ్యాను వైపు చూస్తారు.

ఒకే జీతం తీసుకునే జంటల్ని అడిగితే ఇంకో తమాషా. వార్డ్‌కీ మార్టిన్‌కీ చెరో 1250, స్కాట్‌కీ ఫోర్డ్‌కీ చెరో 3000. ఉన్నవి రెండే జంటలు. టేబుల్‌ని తనతో తాను జీతం మీద కలిపితే పద్దెనిమిది వరుసలు దిగుతాయి. ప్రతివాడూ తన జీతం తన జీతంతో సమానమని తనతో తానే జత కడతాడు, పైగా వార్డ్‌కి మార్టిన్ ఒకసారి, మార్టిన్‌కి వార్డ్ ఒకసారి. మొదటివాడి నంబరు రెండోవాడి నంబరు కంటే తక్కువ ఉండాలని ఒక్క షరతు పెడితే ఆ గోల అంతా సద్దుమణిగి రెండు జంటలు మిగులుతాయి. రెండు పేర్లు పెట్టాక, ఆ పేర్ల మధ్య ఎవరు ముందో కూడా మనమే చెప్పాలి.

ఇక ఆ టేబుల్‌లో హైర్‌డేట్ అనే కాలమ్ ఉంది. మేనేజరు కంటే ముందు చేరినవాళ్ళెవరు అని అడిగితే ఆరుగురు వస్తారు. జోన్స్ 1981 ఏప్రిల్‌లో చేరాడు, బ్లేక్ మేలో, క్లార్క్ జూన్‌లో. వాళ్ళ ప్రెసిడెంటు కింగ్ చేరింది నవంబరు 17న. స్మిత్ అయితే 1980 డిసెంబరు నుంచీ ఉన్నాడు, అందరికంటే పాతకాపు, అందరికంటే తక్కువ జీతం. కింగ్ రాకముందు ఆ ముగ్గురూ ఎవరికి జవాబు చెప్పేవాళ్ళు? టేబుల్‌ని అడిగి లాభం లేదు. ఎంజీఆర్ కాలమ్‌లో ఒక నంబరు పడిందంటే పాతది తుడిచిపెట్టుకుపోయినట్టే. ఎంతకాలం కొలువు చేసినా చివరి బాసే బాసు.

మా తరం ఇలా ఈ, ఎమ్ అని అక్షరాలు పెట్టుకుంటూ పెరిగింది. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు జాయిన్ అన్న మాట రాయకుండా నెలలు గడిపేస్తారు. వాళ్ళకి ఓఆర్‌ఎం ఉంది. టేబుల్ ఒక క్లాసు అవుతుంది, వరుస ఒక ఆబ్జెక్టు అవుతుంది, మధ్యలో ఎస్‌క్యూఎల్ రాసే పని అది చూసుకుంటుంది. జావావాళ్ళకి 2001లో హైబర్నేట్ వచ్చింది, పైథాన్‌వాళ్ళకి 2005లో జాంగో, మరుసటి ఏడాది ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ. మేం ఆఫీసులో వాడేది జాంగో. అందులో ఉద్యోగి క్లాసు రాసి, మేనేజరు అనే ఫీల్డు ఏ క్లాసు వైపు చూపాలంటే కోట్స్‌లో సెల్ఫ్ అని రాస్తారు. ఎందుకలా? పైథాన్‌లో క్లాసు లోపలి మాటలు చదువుతున్నప్పటికి ఆ క్లాసు ఇంకా పుట్టలేదు. పుట్టని క్లాసు తన పేరు తాను ఎలా చెప్పుకుంటుంది? అందుకని నేనే అని ఒక చీటీ రాసి ఉంచితే, పుట్టాక జాంగో ఆ చీటీ విప్పి చూసి కలుపుతుంది.

ఆ తర్వాత అంతా చుక్కే. ఫోర్డ్ చుక్క మేనేజర్ అంటే జోన్స్. ఇంకో చుక్క పెట్టి మేనేజర్ అంటే కింగ్. మనం నోటితో అనేదీ ఇలాగే కదా, ఫోర్డ్ వాళ్ళ మేనేజరు, ఆయన పైన ఇంకో మేనేజరు. దీని మీద నాకు కోపం లేదు, నేనూ హాయిగా వాడతాను. అయితే ఆ చుక్కని చూసినప్పుడల్లా బాక్‌మన్ గుర్తొస్తాడు. ఒక రికార్డు పట్టుకుని ఇంకోదానికి, అక్కణ్ణుంచి మరోదానికి. కాడ్ ఇరవయ్యో శతాబ్దంలో గెలిచిన వాదనని మనం ఇరవయ్యొకటో శతాబ్దంలో చుక్కలు పెట్టుకుంటూ ఓడిపోతున్నాం.

ఊరికే అనడం లేదు. ఉద్యోగుల జాబితా పేజీ ఒకటి రాయమనండి, పేరు పక్కన మేనేజరు పేరు. కొత్తగా చేరిన అబ్బాయి అందర్నీ తెచ్చి, లూపులో ఒక్కొక్కరికీ చుక్క మేనేజర్ చుక్క పేరు అని రాస్తాడు. పేజీ చక్కగా వస్తుంది. లాగ్ తెరిస్తే ఉద్యోగుల కోసం ఒక క్వెరీ, ఆ వెనక మేనేజరు ఉన్న ప్రతివాడికీ ఒకటి చొప్పున పదమూడు. బ్లేక్ కింద అయిదుగురు ఉంటే బ్లేక్‌ని అయిదుసార్లు వెళ్ళి తెస్తుంది. పద్నాలుగు మందైతే పర్వాలేదు, పద్నాలుగు వేల మందైతే పేజీ తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు. సెలెక్ట్ రిలేటెడ్ అని మేనేజరు పేరు చెప్తే జాంగో ఒకే క్వెరీలో రెండింటినీ కలిపి తెస్తుంది. మేనేజరు ఫీల్డు ఖాళీ ఉండొచ్చని ముందే చెప్పాం కాబట్టి లెఫ్ట్ జాయినే వేస్తుంది, కింగ్ మాయమవడు. అంతవరకు దానికి దండం పెట్టొచ్చు.

మరి మన పాత ప్రశ్న? దాన్ని చుక్కతో అడగాలంటే ప్రతి మనిషినీ పట్టుకుని వాళ్ళ బాసు దాకా నడిపించి, జీతం కనుక్కుని వెనక్కి రావాలి. అది ఐదు పేజీల దారి. అందరినీ ఒక్కసారే అడగాలంటే ఓఆర్‌ఎంలోనూ పక్కపక్కన నిలబెట్టక తప్పదు. జాంగోలో మేనేజరు జీతం ఎఫ్ అనే దానిలో పెట్టి రాసిన నా జీతం కంటే తక్కువ ఉన్నవాళ్ళు అని వడకడతాం. చూడటానికి జాయిన్ అన్న మాటే కనపడదు. అది తయారుచేసిన ఎస్‌క్యూఎల్‌ని బయటికి తీసి చూడండి. మొదటిసారి వచ్చిన టేబుల్‌కి దాని సొంత పేరు, రెండోసారి వచ్చినదానికి టీ2 అని పేరు. ఇంకో మెట్టు ఎక్కితే టీ3. మా జోన్స్ గారు, ఎమ్ అనే హోదాలో గౌరవంగా బతికిన మనిషి, ఇక్కడ టీ2 అయిపోయాడు. చెప్పొద్దూ, నాకు కొంచెం మనసు చివుక్కుమంది. వేషం ఉంది, అది ఎవరి వేషమో రాసిన పేరు పోయింది. క్వెరీ నెమ్మదించి, ఎక్స్‌ప్లెయిన్ వేసి చూసేటప్పుడు టీ2, టీ4, టీ7 అని వస్తుంటే ఏది ఎవరో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవాలి.

ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ ఈ విషయంలో నిజాయితీపరురాలు. సెల్ఫ్ జాయిన్ కావాలంటే ఏలియాస్డ్ అని రాసి రెండో పేరు నువ్వే పెట్టుకోమంటుంది. ఇంకో మాట కూడా అడుగుతుంది. ఒకే టేబుల్‌లో రెండు చివరలూ ఉన్నప్పుడు ఏది అవతలి ఒడ్డు అని. రిమోట్ సైడ్ అని దాని పేరు. ఉద్యోగి నంబరు అవతల అని చెప్తే ఆ సంబంధం బాసు వైపు చూస్తుంది, చెప్పకపోతే కింది వాళ్ళ జాబితా అవుతుంది. ఒక్క మాటతో పై చూపు కింది చూపుగా మారిపోతుంది. అందర్నీ ముందే కలిపి తెమ్మంటే ఎన్ని మెట్లు ఎక్కాలో కూడా అడుగుతుంది. లోతు చెప్పకపోతే మళ్ళీ అదే క్లాసు ఎదురుపడగానే ఆగిపోతుంది. ఆగకపోతే దానికి అంతం ఎక్కడ?

ఈ రెండో పేరు పిచ్చి నన్ను ఆఫీసులోనే వదిలేయలేదు. మా అమ్మ వైపు వంశవృక్షం కంప్యూటర్లోకి ఎక్కించమని మా చినమామయ్య పట్టుబట్టాడు. నువ్వు చేసే పని అదేగా, ఓ ఆదివారం కూర్చుంటే అయిపోతుంది అన్నాడు. మనిషి అనే ఒక్క టేబుల్. అందులో నాన్న అనే ఫీల్డు, అమ్మ అనే ఫీల్డు, రెండూ మళ్ళీ మనిషి వైపే. ఇలా రాయగానే జాంగో మొరాయించింది. వెనక్కి వచ్చే దారికి అది తనంతట తాను పెట్టే పేరు రెండింటికీ ఒకటే అవుతుంది, ఒప్పుకోదు. నాన్న వైపు నుంచి చూస్తే పిల్లల్ని ఏమనాలి, అమ్మ వైపు నుంచి చూస్తే ఏమనాలి, వేరువేరుగా చెప్పు అంది. ఇన్నాళ్ళూ పేర్లు దాచిపెట్టిన ఓఆర్‌ఎం మన ఇంటి గడప తొక్కేసరికి పేర్ల కోసం పేచీ పెట్టింది.

నాన్నమ్మ, ముత్తవ్వ, మేనత్త, ఒక్కో పిలుపూ కొన్ని జాయిన్‌ల దారి. మేనమామ అంటే అమ్మ, అమ్మకి నాన్న, ఆయన పిల్లల్లో అమ్మ కాని మగవాడు. టీ2, టీ3, టీ4. ఇంతవరకు చెట్టే. చిక్కు మేనరికాల దగ్గర వచ్చింది. మా వైపు రెండు తరాల కిందట అక్క కూతుర్ని చేసుకోవడం పరిపాటి. ఆ పెళ్ళికి పుట్టిన అబ్బాయి దగ్గర్నుంచి పైకి వెళ్ళండి. నాన్న, నాన్నకి నాన్న, రెండు మెట్లలో ఒకాయన దగ్గరికి చేరతాం. ఇటు అమ్మ, అమ్మకి అమ్మ, ఆమెకి నాన్న, మూడు మెట్లలో మళ్ళీ అదే ఆయన దగ్గరికి చేరతాం. నాన్న వైపు తాతయ్య, అమ్మ వైపు ముత్తాత, నంబరు ఒక్కటే. రెండు ఏలియాస్‌లు ఒకే వరుస మీద వాలాయి.

పూర్వీకులందర్నీ ఒకేసారి తెమ్మనడానికి రికర్సివ్ క్వెరీ కావాలి. ఎస్‌క్యూఎల్ ప్రమాణాల్లో 1999లో చేరింది. ఒరాకిల్‌వాళ్ళకి కనెక్ట్ బై ఎన్నాళ్ళ నుంచో ఉంది. జాంగోలో నేరుగా దారి లేదు, ముడి ఎస్‌క్యూఎల్ రాశాను. యూనియన్ అంటే ఒకేలాంటి వరుసలు రెండోసారి రావు కదా, తాతయ్య ఒక్కసారే వస్తారనుకోవచ్చు. నేను ఎన్నో తరం అన్న అంకె కూడా పక్కన అడిగాను. ఆయన రెండో తరంలో ఒకసారి, మూడో తరంలో ఒకసారి, రెండుసార్లూ వచ్చారు. డేటాబేసు దృష్టిలో అవి వేరువేరు వరుసలు. బొమ్మ గీసే ప్రోగ్రాము ఆయనకి రెండు పెట్టెలు గీసింది. చినమామయ్య చూసి ఆయన ఒక్కడే కదరా అన్నాడు. కాసేపు ఆలోచించి, రెండూ ఉంచెయ్, రెండు చోట్లా ఆయన్ని పిలిచేవాళ్ళున్నారు అన్నాడు. కాడ్ విని ఉంటే ఆయన్ని వెంటనే ఐబీఎంలో చేర్చుకునేవాడు.

ఇంకా తేలనిది అన్నదమ్ముల లెక్క. ఒకే నాన్న నంబరు ఉన్న ఇద్దర్ని కలపడం సెల్ఫ్ జాయిన్‌లో అక్షరాభ్యాసం. మన ఇళ్ళలో అది చాలదు. అన్నయ్యా తమ్ముడా, పెదనాన్నా బాబాయా అన్నది తేలాలంటే పుట్టిన తేదీలు పోల్చాలి, ఒకటి ఇంకోదాని కంటే చిన్నదై ఉండాలి. మా ముత్తాత కొడుకుల్లో ఇద్దరికి తేదీల్లేవు. గోదావరికి పెద్ద వరదొచ్చిన ఏడు అని ఒకరి గురించి, దాని మరుసటేడో ముందటేడో అని ఇంకొకరి గురించి చెప్తారు, వరదలేమో చాలా వచ్చాయి. కాలమ్ ఖాళీగా వదిలేశాను. నల్ కంటే చిన్నదా అంటే డేటాబేసు అవుననదు, కాదనదు. దాంతో ఆ ఇద్దరూ ఒకరికొకరు అన్నల జాబితాలోనూ లేరు, తమ్ముళ్ళ జాబితాలోనూ లేరు. నాన్న నంబరు మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఆ ఇద్దరి మనవలూ ఎవరి తాతయ్య పెద్దో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఇంకా వాదించుకుంటున్నారు. ఒక సంవత్సరం చెప్పండి చాలు, సరిచేస్తాను అని నేను మెసేజి పెట్టాను. ఇద్దరూ బొటనవేలు చూపించారు గానీ సంవత్సరం మాత్రం ఎవరూ పంపలేదు.